హోస్టెడ్ ప్లాట్‌ఫారం మీద తగ్గిన ర్యాంకులు: ఒక విడిభాగాల దుకాణం కేస్ స్టడీ

కుట్టుమిషన్ల విడిభాగాలు అమ్మే ఒక ఆన్‌లైన్ దుకాణం పని నా దగ్గరకు వచ్చేనాటికే దాని యజమాని ఒక నిర్ణయానికి వచ్చి ఉన్నారు. ఏడాది క్రితం వరకు సొంత సర్వర్ మీద నడిచిన సైటును ఆయన నెలవారీ చందా కట్టే ఒక హోస్టెడ్ ప్లాట్‌ఫారానికి, అంటే సర్వర్‌ను వేరే సంస్థ నడిపే వేదికకు మార్చారు. మార్చిన కొద్ది వారాలకే గూగుల్ నుంచి వచ్చే సందర్శకులు తగ్గారు, ఆ తరువాత ఆ లోటు పూడలేదు. సర్వర్ చేతిలో లేదు, యూఆర్ఎల్ (పేజీ చిరునామా) నిర్మాణం చేతిలో లేదు, ఏ పేజీలు చదవవచ్చో సెర్చ్ ఇంజిన్లకు చెప్పే రోబోట్స్ ఫైలు కూడా సగం వరకే చేతిలో ఉంది, కాబట్టి ఈ ప్లాట్‌ఫారం మీద ఉన్నంతకాలం ర్యాంకులు తిరిగి రావన్నది ఆయన అభిప్రాయం. పాత పద్ధతికి వెళ్ళిపోవడానికి ఎంత పని పడుతుందో చెప్పమని నన్ను అడిగారు. ఒకసారి తరలించి దెబ్బతిన్న సైటును కారణం తెలుసుకోకుండా రెండోసారి తరలించడం ప్రమాదకరమని చెప్పి, ముందుగా పరిశీలనకు గడువు కోరాను.

ప్లాట్‌ఫారం పేరు ఈ వివరణకు అవసరం లేదు. ఆ పరిశీలనలో నాకు స్థిరపడిన అభిప్రాయం మాత్రం ముందే చెప్పాలి. హోస్టెడ్ ప్లాట్‌ఫారంలో తాళం వేసి ఉన్న తలుపుల గురించి అందరూ మాట్లాడతారు. నష్టం ఎక్కువగా జరిగేది తెరిచే ఉన్న ఒక తలుపు దగ్గర, అంటే పేజీల రూపాన్ని తయారుచేసే థీమ్ సైటులోని పేజీల మధ్య తనంతట తానే వేసే లింకుల దగ్గర. ఏ పేజీ ముఖ్యమైనదో, ఒకే సరుకుకు ఉన్న నాలుగు చిరునామాల్లో ఏది అసలుదో సెర్చ్ ఇంజిన్‌కు ఆ లింకులే రోజూ చెబుతుంటాయి. వాటిని మనం రాయలేదు కాబట్టి చదవం కూడా.

ముందుగా కొలత

సైటు గూగుల్‌లో ఎలా కనిపిస్తోందో యజమానికి చూపే గూగుల్ సాధనం సెర్చ్ కన్సోల్. అందులో అప్పటివరకు ఒక్క చిరునామా ఉపసర్గకే, అంటే ఒకేలా మొదలయ్యే చిరునామాలకే, ప్రాపర్టీ (నివేదికల ఖాతా) ఉండేది. డీఎన్‌ఎస్‌లో (డొమైన్ పేరు వివరాల నమోదులో) యాజమాన్యాన్ని రుజువు చేసే టెక్స్ట్ రికార్డు పెట్టి మొత్తం డొమైన్‌కు ప్రాపర్టీ తీసుకున్నాము. తరువాత చేసిన మొదటి పని దిద్దుబాటు కాదు, డేటాను బయటకు తీసి భద్రపరచడం. సెర్చ్ కన్సోల్ పనితీరు నివేదికలో 16 నెలల డేటా మాత్రమే నిలుస్తుంది. సైటు మారి ఏడాది అయింది కాబట్టి, మారక ముందు స్థితిని చూపే డేటా నాలుగు నెలలదే మిగిలి ఉంది, అది కూడా రోజుకొక రోజు చొప్పున చెరిగిపోతోంది. తెరమీద కనిపించే పట్టికలో 1,000 వరుసలకు మించి రావు కాబట్టి, వేల సంఖ్యలో పదబంధాలున్న ఇటువంటి సైటుకు ఏపీఐ ద్వారా, అంటే ప్రోగ్రాముతో నేరుగా తీయడమే సరైన మార్గం. తరలింపు జరిగిన సైటును చేపట్టే ఎవరికైనా నేను గట్టిగా చెప్పే మాట ఇదే: పాత డేటా పోతే పోలిక పోతుంది, పోలిక పోతే మిగిలేది ఊహ ఒక్కటే.

ఆ డేటాను రెండుగా విడదీశాను. దుకాణం పేరుతో వెతికినవారు ఒక వైపు, పేరు లేకుండా సరుకు కోసం వెతికినవారు మరొక వైపు. మొత్తం క్లిక్కుల గీత మెల్లగా దిగినట్టు కనిపిస్తోంది గానీ, పేరుతో వెతికినవారి గీత ఏమాత్రం కదలలేదు. పడిపోయినదంతా రెండో వైపే. అందులోనూ మిషన్ మోడల్ సంఖ్యతో కలిపి భాగం పేరు రాసి వెతికిన పదబంధాలు అన్నిటికంటే ఎక్కువగా నష్టపోయాయి. సైటు మొత్తం మీద గూగుల్‌కు విశ్వాసం సన్నగిల్లి ఉంటే నష్టం అన్ని రకాల పేజీల మీదా పరుచుకుని కనిపించేది. ఒకే రకం ప్రశ్నల మీద కేంద్రీకృతమైందంటే, ఆ ప్రశ్నలకు సమాధానంగా నిలిచే పేజీలకు ఏదో జరిగిందని అర్థం.

ఒక సరుకు, నాలుగు చిరునామాలు

ఈ ప్లాట్‌ఫారంలో ప్రతి సరుకుకు ఒక నేరు చిరునామా ఉంటుంది. అదే సరుకును ఒక వర్గం పేజీలో నుంచి తెరిస్తే, ఆ వర్గం పేరు కూడా కలిసిన మరో చిరునామా వస్తుంది. ఒక బాబిన్ కేస్ (దారం కండెను పెట్టే డబ్బీ) మూడు వర్గాల్లో ఉంటే దానికి మొత్తం నాలుగు చిరునామాలు. నాలుగింటిలోనూ కనిపించేది ఒకటే పేజీ. ఇది ప్లాట్‌ఫారం వారికి తెలియనిది కాదు. అన్ని చిరునామాల్లోనూ నేరు చిరునామాయే అసలుదని సూచించే కానానికల్ ట్యాగ్ దానంతట అదే పడుతుంది. అందువల్ల ఈ విషయంలో చేయవలసిందేమీ లేదని చాలామంది వదిలేస్తారు, నేను కూడా ఒకప్పుడు అలాగే వదిలేసేవాణ్ణి.

కానానికల్ ట్యాగ్‌ను 2009 ఫిబ్రవరిలో గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ కలిసి ప్రకటించాయి. గూగుల్ దృష్టిలో అది సూచన మాత్రమే, ఆజ్ఞ కాదు. రీడైరెక్టులు (ఒక చిరునామా నుంచి మరొకదానికి పంపే ఏర్పాట్లు), సైట్‌మ్యాప్ (సైటులోని పేజీల జాబితా), సైటు లోపలి లింకులు వంటి ఇతర సంకేతాలతో కలిపి చూసి, ఏ చిరునామా అసలుదో గూగుల్ తానే నిర్ణయిస్తుంది. ఈ సైటులో ట్యాగ్, సైట్‌మ్యాప్ ఒక మాట చెబుతుంటే, వర్గం పేజీల్లోని ప్రతి లింకూ, సరుకు పేజీ అడుగున వచ్చే సంబంధిత సరుకుల లింకులూ మరో మాట చెబుతున్నాయి. నేరు చిరునామాకు సైటు లోపలి నుంచి దాదాపు ఒక్క లింకు కూడా లేదు. సరుకు దొరికే దారులన్నీ పక్క చిరునామాలకే వెళుతున్నాయి. సెర్చ్ కన్సోల్ పేజీల నివేదికలో, మనం సూచించినది కాకుండా గూగుల్ వేరొక కానానికల్‌ను ఎంచుకున్నట్టు చూపే వరుసలో ఈ సరుకులే బారులు తీరి ఉన్నాయి.

దీన్ని చాలామంది క్రాల్ బడ్జెట్ (ఒక సైటును చదవడానికి గూగుల్ వెచ్చించే సమయం, శ్రమ) సమస్యగా వర్ణిస్తారు. నేను అంగీకరించను. పది లక్షలకు మించిన పేజీలున్న సైట్లు, లేదా పదివేలకు మించిన పేజీలు రోజూ వేగంగా మారే సైట్లు ప్రధానంగా ఆ బడ్జెట్ గురించి ఆలోచించాలని గూగుల్ తన మార్గదర్శకాల్లోనే చెబుతుంది. మా సైటుకు ఉన్నది కొన్ని వేల చిరునామాలే, గూగుల్ తరఫున పేజీలు చదివే గూగుల్‌బాట్ వాటిని హాయిగా చదవగలదు. చిక్కల్లా చదివిన తరువాత ఏ పేజీని నిలబెట్టాలో తేల్చుకోవడంలో ఉంది.

దిద్దుబాటు చూడటానికి చిన్నది. సరుకు బొమ్మ, పేరు, ధర చూపే కార్డు థీమ్‌లో ఒకే ఫైలులో ఉంటుంది. అందులో లింకు తయారయ్యే చోట వర్గం పేరును కలిపే భాగాన్ని తీసేస్తే, సైటు అంతటా లింకులు నేరు చిరునామాకు మారిపోతాయి. దాని వెనుక ఒక చిక్కు వచ్చింది. సరుకు పేజీ పైభాగంలో దారి చూపే బ్రెడ్‌క్రంబ్ వరుస, చిరునామాలో ఉన్న వర్గం పేరును చూసుకునే తయారయ్యేది. చిరునామాలో వర్గం లేకపోయేసరికి మధ్య మెట్టు మాయమై, హోమ్ పేజీ పక్కనే సరుకు పేరు మిగిలింది. సరుకు పేజీ నుంచి తిరిగి వర్గం పేజీకి వెళ్ళే ముఖ్యమైన లింకు అదే కాబట్టి దాన్ని పోగొట్టుకోలేము. ప్రతి సరుకుకు ప్రధాన వర్గం ఏదో రాసుకునే ఒక అదనపు గడిని ఏర్పాటు చేసి, బ్రెడ్‌క్రంబ్ దాని నుంచే తయారయ్యేలా మార్చాము. సరుకులన్నిటికీ ఆ గడి నింపడానికి యజమాని కుటుంబసభ్యులు పూర్తిగా వారం రోజులు కూర్చున్నారు. ఏ భాగం అసలు ఏ వర్గానికి చెందుతుందో వారికి తప్ప మరెవరికీ తెలియదు.

ఫిల్టర్ పేజీలు, నా పొరపాటు

వర్గం పేజీల్లో కంపెనీ, లోహం, రంగు వంటి ట్యాగులతో వడపోసే సదుపాయం ఉంది. ఒక్కొక్క ట్యాగుకు ఒక చిరునామా, రెండేసి ట్యాగులు కలిస్తే మరో చిరునామా. వీటిలో సగానికి పైగా ఒకటి రెండు సరుకులు మాత్రమే చూపే పలుచని పేజీలు. వాటిని గూగుల్ ఇండెక్స్ (వెతుకులాటలో చూపడానికి దాచుకునే పేజీల జాబితా) నుంచి తీసేయాలని నిర్ణయించి, థీమ్ శీర్షభాగంలో ఒక షరతు రాసి, ఆ జాబితాలో చేర్చవద్దని చెప్పే నోఇండెక్స్ ట్యాగు పెట్టాము. అంతవరకు సరిగానే ఉంది. ఆ తరువాత కొద్ది రోజులకే, గూగుల్ వాటిని మళ్ళీ మళ్ళీ చదవకుండా ఉంటే మేలని తలచి, రోబోట్స్ ఫైలులో కూడా ఆ చిరునామాలను అడ్డుకున్నాను. అది తప్పు. రోబోట్స్ ఫైలు పేజీని చదవనివ్వదు, చదవని పేజీలో నోఇండెక్స్ ఉందని గూగుల్‌కు తెలిసే అవకాశం లేదు. ఫలితంగా అప్పటికి గూగుల్ మళ్ళీ చదవని ఫిల్టర్ పేజీలు, అడ్డుకున్నా ఇండెక్స్‌లో ఉన్నాయన్న హెచ్చరికతో అలాగే నిలిచిపోయాయి. రోబోట్స్ ఫైలులోనే నోఇండెక్స్ రాసే పాత ఉపాయం కూడా పనికిరాదు, దానికి గూగుల్ 2019 సెప్టెంబరు 1 నుంచి స్వస్తి చెప్పింది. అడ్డు తీసేసి, అవన్నీ ఇండెక్స్ నుంచి తొలగిపోయేవరకు ఓపిక పట్టవలసి వచ్చింది. నా తొందర వల్ల యజమానికి కొన్ని వారాలు వృథా అయ్యాయి, ఆ సంగతి ఆయనకు అప్పుడే చెప్పాను.

ఫిల్టర్ పేజీలన్నిటినీ ఒకే గాటన కట్టలేదని కూడా చెప్పాలి. జనం నిజంగా వెతికే కలయికలు కొన్ని వాటిలో ఉన్నాయి. వాటిని ట్యాగు పేజీలుగా వదలకుండా పూర్తి స్థాయి వర్గం పేజీలుగా మార్చాము. కేసులో అసలు మలుపు అక్కడే ఉంది గానీ, దానికి ముందు రీడైరెక్టుల సంగతి చెప్పాలి.

పాత చిరునామాలు

సైటును తరలించినవారు ముఖ్యమైన కొన్ని పేజీలకు రీడైరెక్టులు పెట్టి, మిగిలిన పాత చిరునామాలన్నిటినీ హోమ్ పేజీకి పంపించేశారు. పాత పేజీకి సంబంధం లేని చోటికి గుంపుగా పంపిస్తే, గూగుల్ దాన్ని సాఫ్ట్ 404గా, అంటే పేజీ లేనట్టుగానే లెక్కిస్తుంది. ఇతర సైట్లు సంవత్సరాలుగా ఇచ్చిన లింకుల విలువ అక్కడే ఆగిపోతుంది. కుట్టుపని నేర్పేవారు, పాత మిషన్లు బాగుచేసేవారు ఈ దుకాణంలోని నిర్దిష్టమైన భాగాల పేజీలకు లింకులు ఇచ్చి ఉన్నారు. డబ్బుతో కొనలేని ఆ లింకులన్నీ ఏడాదిగా హోమ్ పేజీ గుమ్మం దగ్గర పడి ఉన్నాయి.

భద్రపరచిన సెర్చ్ కన్సోల్ డేటా నుంచి, లింకుల నివేదిక నుంచి, పాత సైటు బ్యాకప్‌లో దొరికిన సైట్‌మ్యాప్ నుంచి పాత చిరునామాల జాబితా తయారుచేసి, ఒక్కొక్కదానికి సరిగ్గా సరిపోయే కొత్త పేజీని జతచేశాము. భాగం సంఖ్య ఉమ్మడిగా ఉండటం వల్ల చాలావరకు పట్టిక సూత్రాలతోనే పని జరిగిపోయింది. తయారీ ఆగిపోయిన భాగానికి దాని స్థానంలో పనిచేసే భాగం నిజంగా ఉంటే అక్కడికి పంపాము, లేకపోతే 404గానే వదిలాము. రీడైరెక్టులను కనీసం ఏడాది ఉంచమని గూగుల్ సూచిస్తుంది. తీసేయడానికి కారణమేమీ లేదు కాబట్టి వీటిని శాశ్వతంగా ఉంచమని యజమానికి చెప్పాను.

మోడల్ పేజీలు

ఈ దుకాణానికి వచ్చేవారు ఏమి రాసి వెతుకుతారు? పాత డేటాలో సమాధానం స్పష్టంగా ఉంది. మిషన్ కంపెనీ, మోడల్ సంఖ్య, వాటి పక్కన బాబిన్ అనో బెల్టు అనో షటిల్ అనో ఒక మాట. పాత సైటులో ప్రతి మోడల్‌కు ఒక పేజీ ఉండేది, చూపుకు అందంగా లేకపోయినా ఆ మోడల్‌కు సరిపడే భాగాలన్నీ అక్కడ వరుసగా కనిపించేవి. కొత్త ప్లాట్‌ఫారానికి వచ్చినప్పుడు మోడల్ సంఖ్యలన్నీ ట్యాగులుగా మారిపోయాయి. అంటే జనం ఎక్కువగా వెతికే పేజీలు, శీర్షిక లేని, వివరణ లేని, మెనూ నుంచి దారి లేని ఫిల్టర్ పేజీలుగా దిగజారాయి. మోడల్ సంఖ్య ఉన్న ప్రశ్నలే ఎక్కువగా నష్టపోవడానికి కారణం ఇది. ప్లాట్‌ఫారం ఈ పని చేయలేదు. ట్యాగుతో సరిపెట్టవచ్చునన్న తరలింపునాటి ఆలోచన చేసింది.

ఒక్కొక్క మోడల్‌కు వర్గం పేజీ కట్టడం మొదలుపెట్టాము. టైటిల్, వివరణ మార్చి సరుకులు పేర్చడంతో సరిపెట్టకూడదని ముందే అనుకున్నాము, ఎందుకంటే అలా చేస్తే ఒకే మూసలో పోసిన వందల పేజీలు తయారవుతాయి. విడిభాగం కొనేవారి భయం ఒక్కటే: ఇది నా మిషన్‌కు సరిపోతుందా? ఆ భయాన్ని తీర్చే సమాచారం ఆ పేజీలో ఉండాలి. ఉదాహరణకు బాబిన్ తీసుకుంటే, క్లాస్ 15 రకానికి పక్కలు చదునుగా ఉంటాయి, క్లాస్ 66 రకానికి కొద్దిగా ఉబ్బి ఉంటాయి. చూపుకు రెండూ దగ్గరగా ఉండటం వల్ల ఒకదాని బదులు మరొకటి కొని దారం చిక్కుపడి ఇబ్బందిపడేవారు ఎందరో. సూది సంగతీ అంతే. 15×1 అన్నా, 130/705 హెచ్ అన్నా, హెచ్‌ఏ×1 అన్నా ఇళ్ళలో వాడే మిషన్ సూది ఒక్కటే, కాడ ఒకవైపు చదునుగా ఉంటుంది. ఫ్యాక్టరీ మిషన్లలో వాడే డీబీ×1 సూది కాడ గుండ్రంగా ఉంటుంది. ప్యాకెట్ మీద 90/14 అని ఉంటే ముందున్న 90 సూది మందం 0.90 మిల్లీమీటర్లని చెబుతుంది, వెనుకనున్న 14 అదే సైజుకు మరో పద్ధతిలో ఇచ్చిన సంఖ్య. ఇవన్నీ యజమానికి నోటికి వచ్చిన విషయాలు. ఫోనులో అడిగిన ప్రతి ఒక్కరికీ ఆయన విసుగు లేకుండా చెబుతారు. సైటులో మాత్రం ఒక్క వాక్యం లేదు.

ఆయనతో మాట్లాడి, ఒక్కొక్క మోడల్‌కు ఏ రకం బాబిన్, ఏ సూది, ఏ కొలత బెల్టు సరిపోతాయో, పాత భాగాన్ని చేతిలో పట్టుకుని ఎలా సరిచూసుకోవాలో, ఏ భాగం సరిపోతుందని పొరబడతారో రాసుకున్నాము. ఎక్కువ డిమాండున్న మోడళ్ళతో ప్రారంభించి, చెప్పడానికి నిజంగా ఏదైనా ఉన్న మోడల్‌కే పేజీ కట్టాము. చెప్పడానికేమీ లేని మోడళ్ళను ఆ కంపెనీ పేజీలోని పట్టికలో ఒక వరుసగా చేర్చాము. మెనూ నుంచి కంపెనీ పేజీకి, అక్కడి నుంచి మోడల్ పేజీకి, అక్కడి నుంచి భాగానికి, భాగం పేజీలో సరిపోయే మోడళ్ళ పట్టిక ద్వారా తిరిగి మోడల్ పేజీలకు లింకులు వేశాము. మోడల్ పేజీల చిరునామాల్లో ప్లాట్‌ఫారం బలవంతంగా చేర్చే వర్గం అన్న పదం అలాగే ఉంది. ఆ పదాన్ని తీసేయలేకపోవడమే ర్యాంకు పోవడానికి కారణమని యజమాని మొదట్లో అనుకున్నారు. అది ఉండగానే ఆ పేజీలు పైకి వచ్చాయి.

వేగం, స్కీమా

సర్వర్ స్పందన మన చేతిలో లేదు, కానీ కొలిచి చూస్తే అది బాగానే ఉంది. భారమంతా యాప్‌ల స్క్రిప్టులది. తొలగించిన యాప్‌ల అవశేషాలు కూడా థీమ్ ఫైళ్ళలో మిగిలి ప్రతి పేజీలో లోడవుతున్నాయి. యాప్‌ను తీసేస్తే కోడ్ కూడా పోతుందని అనుకోవడం సహజం, చాలాసార్లు పోదు. వాటిని తీసేశాము, హోమ్ పేజీలో తిరిగే బొమ్మల పట్టీ స్థానంలో ఒక్క బొమ్మ ఉంచాము, ఆ బొమ్మకు థీమ్ పెట్టిన లేజీ లోడింగ్‌ను తొలగించాము. తెరమీద మొదట కనిపించే పెద్ద బొమ్మను ఆలస్యంగా లోడ్ చేయమని చెప్పడం వల్ల ఎల్‌సీపీ, అంటే పేజీలోని పెద్ద అంశం కనిపించడానికి పట్టే సమయం, చెడుతుంది. ఎల్‌సీపీ 2.5 సెకన్లలోపు, ఐఎన్‌పీ (నొక్కినప్పుడు పేజీ స్పందించే సమయం) 200 మిల్లీసెకన్లలోపు, సీఎల్‌ఎస్ (పేజీలోని అంశాలు అనుకోకుండా కదిలే కొలత) 0.1 లోపు, అదీ 75వ పర్సెంటైల్ దగ్గర, అంటే నూటికి 75 సందర్శనల్లో ఉండాలన్నది గూగుల్ ప్రమాణం. నిజమైన సందర్శకుల డేటా గడిచిన 28 రోజులకు కలిపి వస్తుంది కాబట్టి, మార్పు చేసిన మరునాడే నివేదిక చూసి నిరాశ పడనక్కరలేదు. ఈ పని కొనుగోలుదారులకు మేలు చేసింది. ర్యాంకులను ఇది కదిలించిందని మాత్రం నేను అనను, ఆ వారాల్లో అలాంటి ఆనవాలు కనిపించలేదు.

స్కీమా (పేజీలోని వివరాలను సెర్చ్ ఇంజిన్‌కు చెప్పే కోడ్) విషయంలో థీమ్ ఒక ప్రొడక్ట్ డేటాను, సమీక్షల యాప్ మరొకదాన్ని రాస్తున్నాయి. రెండింటిలో ధరలు వేరు. థీమ్‌లోనిది ఉంచి, సమీక్షలను అందులోనే కలిపాము. ప్రశ్నోత్తరాల (ఎఫ్‌ఏక్యూ) స్కీమా పెట్టమని యజమాని అడిగారు గానీ, దానివల్ల వెతుకులాటలో కనిపించే ఆ ఫలితాలను గూగుల్ 2023 ఆగస్టులోనే ప్రభుత్వ, ఆరోగ్య సైట్లకు పరిమితం చేసింది కాబట్టి వద్దన్నాను. పేజీ కోడ్‌లో పదాల జాబితాగా రాసే మెటా కీవర్డులు నింపే పని కూడా మానిపించాను. వెబ్ ర్యాంకింగ్‌లో వాటిని వాడబోమని గూగుల్ 2009లోనే చెప్పింది.

ఫలితం వచ్చిన క్రమం

మార్పులను ఒకేసారి చేయకుండా, మధ్య మధ్య వ్యవధి ఇస్తూ, ఏ తేదీన ఏమి చేశామో ఒక పట్టికలో రాసుకుంటూ వెళ్ళాము. లింకులు మార్చిన తరువాత మొదట కదిలినది సెర్చ్ కన్సోల్ పేజీల నివేదిక. గూగుల్ వేరొక కానానికల్‌ను ఎంచుకున్న వరుస తగ్గుతూ వచ్చింది, నేరు చిరునామాలు ఇండెక్స్‌లోకి చేరాయి. ఆ దశలో క్లిక్కులు పెద్దగా పెరగలేదు, యజమాని ఆందోళన పడ్డారు. రీడైరెక్టులు సరిచేశాక, పాత లింకులున్న భాగాల పేజీలు ముందుగా మెరుగుపడ్డాయి. మోడల్ పేజీలు వచ్చిన తరువాతనే పేరు లేని ప్రశ్నల గీత స్పష్టంగా లేచింది. మొదట కట్టిన మోడళ్ళు ముందు, తరువాత కట్టినవి తరువాత, దాదాపు కట్టిన వరుసలోనే పైకి వచ్చాయి. ఆ వరుస చూసిన రోజున కారణం మోడల్ పేజీలేనని నాకు నమ్మకం కుదిరింది. సైటు అంతటికీ ఒకేసారి మేలు చేసే గూగుల్ అప్‌డేట్ ఏదైనా వచ్చి ఉంటే అటువంటి క్రమం కనిపించేది కాదు.

తిరిగి రానివి కూడా ఉన్నాయి. కుట్టు సూది, మిషన్ నూనె వంటి పొట్టి పదాలకు ఈ సైటు ఒకప్పుడు మొదటి పేజీలో ఉండేది. ఇప్పుడు అక్కడ పెద్ద అమ్మకపు సైట్లు స్థిరపడ్డాయి. ఆ పదాల కోసం శ్రమపడవద్దని యజమానికి చెప్పాను, ఆయన అయిష్టంగానే ఒప్పుకున్నారు. పాత పద్ధతికి వెళ్ళాలన్న ప్రస్తావన ఆయన మళ్ళీ తేలేదు.

ఇక మిగిలిన పని తయారీ ఆగిపోయిన భాగాలది. స్టాకు అయిపోయిన సరుకును ప్లాట్‌ఫారంలో ప్రచురణ నుంచి తీసేస్తే ఆ పేజీ 404 అవుతుంది, ఆ భాగం కోసం వెతికేవారు మాత్రం ఆగరు. అటువంటి పేజీలను ఉంచి, కొనే మీట తీసేసి, ఏ భాగం దాని బదులు సరిపోతుందో రాసే పద్ధతిని ఇప్పుడు ఒక్క కంపెనీ భాగాల మీద అమలు చేస్తున్నాము.